పర్ఫెక్ట్ కపుల్స్ ఎందుకు నిలబడలేదు: జంటల సిట్‌కామ్ లోపలి లెక్కలు

అమెరికా టీవీలో 2010-11 సీజన్ నిండా జంటల సిట్‌కామ్‌లే, అంటే అవే పాత్రలతో వారం వారం వచ్చే అరగంట కామెడీ షోలే. 2010 సెప్టెంబర్ 22న ఏబీసీలో బెటర్ విత్ యూ మొదలైంది. 2011 జనవరి 20న ఎన్‌బీసీలో పర్ఫెక్ట్ కపుల్స్, ఫిబ్రవరి 8న ఫాక్స్‌లో ట్రాఫిక్ లైట్, ఫిబ్రవరి 14న సరిగ్గా ప్రేమికుల రోజునే సీబీఎస్‌లో మ్యాడ్ లవ్ వచ్చాయి. నాలుగు పెద్ద ఛానెళ్లూ ఒకే ఏడాది ఒకే దారి పట్టాయి. మే నెల గడిచేసరికి నాలుగూ రద్దయ్యాయి. వీటి వెనకాలే ఏప్రిల్ 13న ఏబీసీలో మొదలైన హ్యాపీ ఎండింగ్స్ ఒక్కటే తర్వాతి సీజన్‌కి వెళ్లగలిగింది.

ఇలాంటి షో పోగానే "కామెడీ పండలేదు" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ మాటతో ఏమీ తెలియదు. బాగా నవ్వించి కూడా ఆగిపోయినవి ఉన్నాయి, అంతంతమాత్రంగా ఉండి 100 ఎపిసోడ్‌లకు చేరినవీ ఉన్నాయి. కథ కట్టిన తీరు, షూటింగ్ పద్ధతి, ఛానెల్ వ్యాపారం అనే మూడు కారణాలు ఇక్కడ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. పర్ఫెక్ట్ కపుల్స్‌లో ఆ మూడూ స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి దాన్నే ముందు పెట్టుకుని విడదీద్దాం.

షో సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, లాస్ ఏంజిలిస్‌లో స్నేహితులైన మూడు జంటల కథ ఇది. డేవ్, జూలియా (కైల్ బోర్న్‌హైమర్, క్రిస్టీన్ వుడ్స్) అందరిలాంటి జంట. వాన్స్, ఏమీ (డేవిడ్ వాల్టన్, మేరీ ఎలిజబెత్ ఎల్లిస్) నిమిషంలో అరుచుకుని మరు నిమిషంలో అతుక్కుపోయే జంట. రెక్స్, లీ (హేస్ మెక్‌ఆర్థర్, ఒలీవియా మన్) ఆదర్శ దాంపత్యం ఎలా ఉండాలో తమకే తెలుసని నమ్మే జంట. సృష్టికర్తలు జాన్ పొలాక్, స్కాట్ సిల్వేరి. 13 ఎపిసోడ్‌లు తీశారు, ఎన్‌బీసీ 11 ప్రసారం చేసింది.

సిల్వేరి ఫ్రెండ్స్ అనే సిట్‌కామ్ రచయితల బృందం నుంచి వచ్చినవాడు. ఆ షో తర్వాత షానా గోల్డ్‌బర్గ్-మీహన్‌తో కలిసి జోయి సృష్టించాడు. అది 2004 నుంచి 2006 వరకు నడిచింది. అదే గోల్డ్‌బర్గ్-మీహన్ 2010లో ఏబీసీకి బెటర్ విత్ యూ రాసింది. అంటే, ఆ ఏడాది వచ్చిన నాలుగు జంటల సిట్‌కామ్‌లలో రెండు ఒకే బడిలో చదువుకున్న ఇద్దరివి. ఆ బడిలో నేర్చుకున్న పాఠంలో ఏది పనికొచ్చింది, ఏది రాలేదు అన్నది ఈ కథలో కీలకమైన ముక్క.

ఫ్రెండ్స్ ఆరుగురు ఒంటరి మనుషులతో మొదలైంది. మోనికా, చాండ్లర్ నాలుగో సీజన్ చివర దగ్గరయ్యారు, వాళ్ల పెళ్లి ఏడో సీజన్ చివర జరిగింది. అప్పటికి ఆ ఇద్దరినీ జనం ఏళ్ల తరబడి విడివిడిగా ఎరిగి ఉన్నారు. అతనికి ఎక్కడ బెరుకో, ఆమెకు ఎక్కడ పట్టుదలో తెలుసు కాబట్టి ఆ దాంపత్యంలో ప్రతి చిన్న గొడవకీ బరువు వచ్చింది. పర్ఫెక్ట్ కపుల్స్‌లో మాత్రం ఆరుగురూ మొదటి నిమిషానికే జంటలుగా దిగుతారు. డేవ్ ఎవరో తెలియకముందే అతను జూలియా మనిషి. జూలియా ఎవరో తెలిసేలోపు ఆమె డేవ్‌ని భరిస్తున్న మనిషి. మనకు పరిచయమయ్యేది మనుషులు కాదు, వాళ్ల మధ్య సంబంధం. సంబంధాన్ని ఒక్క వాక్యంలో చెప్పడం తేలిక కనుక ఛానెల్ అధికారులకు ఇలాంటి షో అమ్మడం సులువు. రాయడం మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. ఆరుగురు పాత్రధారులుంటే ఇద్దరిద్దరుగా 15 రకాల కలయికలు వస్తాయి. అందులో జంటలు మూడే. మిగిలిన 12 కలయికల్లో భర్త పక్కింటి భార్యతో, పెంకి భార్య ఆదర్శ భర్తతో, ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు ఇలా రకరకాల పొత్తులుంటాయి. జంటల సిట్‌కామ్‌కి అసలు నిధి ఆ 12లోనే ఉంది. ఎందుకంటే భార్యాభర్తల సీన్‌కి ముగింపు ముందే తెలుసు. గొడవ పడతారు, 21 నిమిషాలకి సర్దుకుంటారు. విడిపోతారన్న భయం లేదు, కలుస్తారా అన్న ఉత్కంఠ లేదు. డేవ్, లీ ఇద్దరినీ ఒక కారులో రెండు గంటలు కూర్చోబెడితే ఏం జరుగుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. వాళ్లకి ఒకరి మీద ఒకరికి హక్కు లేదు, స్నేహం కోసం మర్యాద పాటించాలి, మనసులో మాట దాచుకోవాలి. కామెడీకి కావలసింది సరిగ్గా ఇదే.

కొత్త జంటల సిట్‌కామ్‌లు ఎక్కువగా ఆ మూడు కలయికల్లోనే తిరుగుతాయి. కాస్త విస్తరించినా మగవాళ్లు ముగ్గురు ఒకచోట, ఆడవాళ్లు ముగ్గురు ఇంకోచోట చేరి అవతలివాళ్ల మీద చెప్పుకోవడంతో సరి. అలా చెప్పుకోవడమూ మళ్లీ ఆ మూడు కాపురాల గురించే. నాలుగైదు వారాలు చూసినవాడికి ఆరో వారం ఏం వస్తుందో తెలిసిపోతుంది.

రచయితలకి ఈ సంగతి తెలియక కాదు. 12 కలయికలు వాడకపోవడానికి కాగితం మీద కనిపించని కారణాలున్నాయి, అవి షూటింగ్‌లో ఉన్నాయి.

అమెరికా ఛానెల్‌లో అరగంట షో అంటే యాడ్స్ పోను దాదాపు 21 నిమిషాలు. మూడు జంటలకీ సమానంగా పంచితే తలా ఏడు నిమిషాలు. ఒక్కో కథకి కనీసం నాలుగు సీన్లు కావాలి: సమస్య మొదలవడం, ముదరడం, మలుపు తిరగడం, ముగియడం. మూడు కథలకి 12 సీన్లు, సీన్‌కి నిమిషం ముప్పావు. ఆ వ్యవధిలో ఒక జోకు, దాని కొసరు పడతాయి. మనిషి పూర్తిగా బయటపడే క్షణం పట్టదు. అందుకే అనుభవమున్న బృందాలు సమానంగా పంచవు. ఒక కథకి 10 నిమిషాలు, రెండోదానికి ఏడు, మూడోదానికి నాలుగు ఇస్తాయి. ఆరుగురూ సమాన హోదా ఉన్న నటులైనప్పుడు, టైటిల్‌లోనే మూడు జంటలూ ఒకటే అన్నప్పుడు ఈ కోత పెట్టడం కష్టం. కొత్త షోలో ఇంకా కష్టం, ఎవరిని జనం ఇష్టపడతారో అప్పటికి తెలియదు కాబట్టి.

పర్ఫెక్ట్ కపుల్స్ సింగిల్ కెమెరా షో. అంటే సినిమా తీసినట్టు ఒక్కో షాట్ విడిగా, ప్రేక్షకుల నవ్వుల శబ్దం లేకుండా తీసే పద్ధతి. సాధారణంగా ఒక ఎపిసోడ్‌కి ఐదు రోజుల షూటింగ్. భార్యాభర్తలు మంచం మీద కూర్చుని మాట్లాడుకునే సీన్‌కి కెమెరాను మూడు నుంచి ఐదు చోట్ల పెడితే చాలు. ఆరుగురు భోజనాల బల్ల చుట్టూ కూర్చుంటే కథ వేరు. మొత్తం బల్ల కనిపించే షాట్ ఒకటి, ఇద్దరిద్దరివి మూడు, ఒక్కొక్కరివి ఆరు, మొత్తం పదికి తక్కువ కావు. ఒకరు ఎడమ పక్కవాళ్లతో మాట్లాడి తర్వాత కుడి పక్కకి తిరిగితే, చూపు దిశ తెరమీద కుదరడానికి అదే మనిషిని మళ్లీ రెండో వైపు నుంచి తీయాలి. ఆ పది షాట్లు కాస్తా పదిహేనవుతాయి. ఒక్కో చోట కెమెరా, లైట్లు సర్దడానికి 20 నిమిషాలే అనుకున్నా ఐదు గంటలు. అంతసేపూ ఆరుగురు నటులూ సెట్‌లో ఉండాలి, తినడం నటించే సీన్ అయితే ప్రతి టేక్‌కీ పళ్లేలు మళ్లీ నింపాలి, గ్లాసులో నీళ్ల మట్టం సరిచూడాలి.

దాంతో షెడ్యూల్ వేసేవాళ్లు సహజంగానే అందరూ ఉన్న సీన్లు తగ్గించమంటారు. ఒక జంటని వాళ్ల ఇంటి సెట్‌లో రెండు రోజులు తీసేస్తే మిగతా నలుగురికీ సెలవు. మూడు ఇళ్లు, మూడు జంటలు, మూడు ముక్కలుగా షూటింగ్ సాఫీగా సాగిపోతుంది. కలయికలు మారిస్తే ప్రతి నటుడూ ఇద్దరు ముగ్గురితో నటించాలి, రోజులు ఒకదాని మీద ఒకటి పడతాయి. అలా ప్రొడక్షన్ సౌకర్యం కథని మళ్లీ ఆ మూడు పడకగదుల్లోకి తోస్తుంది. జంటల సిట్‌కామ్‌లో కనిపించే విసుగుకి సగం మూలం ఇక్కడుందన్నది మా అభిప్రాయం.

మల్టీ కెమెరా పద్ధతిలో ఈ ఇబ్బంది లేదు. మొదటి రోజు అందరూ కూర్చుని స్క్రిప్టు చదువుతారు. రెండు మూడు రోజుల్లో నాటకంలా రిహార్సల్ చేస్తూ, పండని జోకులు రాత్రికి రాత్రి మారుస్తారు. నాలుగో రోజు కెమెరాల కదలికలు ఖాయం చేస్తారు, ఐదో రోజు సాయంత్రం ప్రేక్షకుల ముందు తీస్తారు. నాలుగు కెమెరాలు ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి ఇద్దరున్న సీన్‌కీ ఆరుగురున్న సీన్‌కీ పట్టే సమయంలో పెద్ద తేడా రాదు. పైగా ఏ ఇద్దరు పక్కపక్కన నిలబడితే జనం నవ్వుతున్నారో అక్కడికక్కడే వినిపిస్తుంది. ఫ్రెండ్స్ ఈ పద్ధతిలోనే తీశారు. అక్కడ నేర్చుకున్న గుంపు కామెడీని ఆ సౌకర్యం లేని పద్ధతిలోకి తెచ్చినప్పుడు, గుంపు విడిపోయి జంటలే మిగలడం ఆశ్చర్యం కాదు.

అయితే పద్ధతే మొత్తం కారణమైతే మల్టీ కెమెరాలో తీసిన బెటర్ విత్ యూ నిలబడాలి కదా? దానికి కథ నిర్మాణంలోనూ ఒక మంచి ఆలోచన ఉంది. పెళ్లి చేసుకోకుండా తొమ్మిదేళ్లుగా కలిసున్న అక్క మ్యాడీ, బెన్. కలిసి రెండు నెలలు కూడా కాకుండానే పెళ్లికి సిద్ధమైన చెల్లెలు మియా, కేసీ. 35 ఏళ్ల కాపురం చేసిన తల్లిదండ్రులు. మూడు జంటలు ఒకే కుటుంబం కాబట్టి ఒకరింటికి ఒకరు రావడానికి సాకు వెతకనక్కర్లేదు. మామ అల్లుడితో, తల్లి పెద్ద కూతురి జతగాడు బెన్‌తో, ఇలా కలయికలు వాటంతటవే మారతాయి. 22 ఎపిసోడ్‌లు పూర్తిగా ప్రసారమయ్యాయి కూడా.

దాని చిక్కు స్లాట్‌లో, అంటే ప్రసారానికి దొరికిన సమయంలో వచ్చింది. బుధవారం ఎనిమిదింటికి ద మిడిల్, తొమ్మిదింటికి మోడర్న్ ఫ్యామిలీ, మధ్యలో ఎనిమిదిన్నరకి ఇది. అటూ ఇటూ ఉన్న రెండూ నవ్వుల శబ్దం లేని సింగిల్ కెమెరా షోలు. 2009లో మొదలైన మోడర్న్ ఫ్యామిలీ ఆ రాత్రికి ఒక స్వరం ఏర్పరిచింది. మధ్యలో ప్రేక్షకుల నవ్వులతో, మూడు గోడల సెట్‌తో ఒక అరగంట వస్తే వేరే ఛానెల్ మారినట్టు అనిపిస్తుంది. దానికితోడు బెటర్ విత్ యూ నిర్మాత వార్నర్ బ్రదర్స్, ఏబీసీ కాదు. షో ఎదిగి పాత ఎపిసోడ్‌లు అమ్ముడుపోయే రోజు వచ్చినా ఆ లాభం బయటి స్టూడియోదే. కాబట్టి తేలిగ్గా వదులుకోగల షో అది.

ఈ అమ్మకం సంగతి తెలియకపోతే రద్దుల లెక్క అర్థం కాదు. అమెరికాలో ఛానెల్ ఒక ఎపిసోడ్‌కి చెల్లించే మొత్తం స్టూడియో పెట్టిన ఖర్చు కన్నా తక్కువే ఉంటుంది. ఆ లోటు ఏళ్ల తరబడి పెరుగుతూ పోతుంది. షోలో సరిపడా ఎపిసోడ్‌లు పోగయ్యాక వాటిని స్థానిక స్టేషన్లకీ కేబుల్ ఛానెళ్లకీ మళ్లీ ప్రసారానికి అమ్మినప్పుడే స్టూడియోకి అసలు డబ్బు వస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకొకటి వేస్తే 100 ఎపిసోడ్‌లు 20 వారాలు వస్తాయి. అందుకే 100 అనే అంకెకి అంత విలువ, 88 ఉన్నా సర్దుకునేవారు. 13 ఎపిసోడ్‌ల షోకి ఈ బజారులో విలువ లేదు. రెండో సీజన్ ఇవ్వాలంటే నాలుగేళ్ల ముందుచూపుతో ఇవ్వాలి.

సీబీఎస్ రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్ ఈ లెక్కకి నిలువెత్తు ఉదాహరణ. చాలా కాలంగా కాపురం చేస్తున్న జెఫ్, ఆడ్రీ ఒక జంట. నిశ్చితార్థమైన ఆడమ్, జెన్నిఫర్ రెండో జంట. ఎవరికీ కట్టుబడని రస్సెల్ ఐదోవాడు. 2007 ఫిబ్రవరి 5న టూ అండ్ ఎ హాఫ్ మెన్ తర్వాతి స్లాట్‌లో మొదలైంది. మొదటి సీజన్ ఏడే ఎపిసోడ్‌లు. తర్వాత ఏ షో కుప్పకూలినా ఆ ఖాళీలో పెట్టడానికి సీబీఎస్ దీన్ని సిద్ధంగా ఉంచుకుంది. సోనీతో పాటు సీబీఎస్ స్టూడియోకీ నిర్మాణంలో వాటా ఉంది. మల్టీ కెమెరా, సెట్లు కొద్ది, నటులు కొద్ది. ఆరు సీజన్లకి 87 ఎపిసోడ్‌లు అయ్యాయి. ఏడో సీజన్‌కి సరిగ్గా 13 ఇచ్చారు, 2013 మేలో 100తో ముగిసింది. ఆ చివరి 13 ఎందుకు ఇచ్చారో చెప్పడానికి కూడిక చాలు.

ట్రాఫిక్ లైట్ అచ్చంగా అదే అమరికతో వచ్చింది. పెళ్లయి బిడ్డ ఉన్న మైక్, ప్రియురాలి ఇంటికి అప్పుడే మారిన ఆడమ్, ఒంటరి ఈథన్. మూలం ఇజ్రాయెల్ షో రమ్‌జోర్, అది 2010లో కామెడీ విభాగంలో ఇంటర్నేషనల్ ఎమ్మీ అనే టీవీ అవార్డు గెలుచుకుంది. పరీక్షించి, నిగ్గుతేలిన కథ. అయినా 13తో ఆగింది. ఒకే అమరిక ఒకచోట 100, ఇంకోచోట 13. అందుచేత పాత్రల అమరిక ఒక్కటే షోని కాపాడదు, ఒక్కటే చంపదు.

ఇప్పుడు పర్ఫెక్ట్ కపుల్స్ దిగిన రాత్రి చూద్దాం. ఎన్‌బీసీ 2011 జనవరి 20న గురువారం మూడు గంటలూ కామెడీకే కేటాయించింది. ఎనిమిదికి కమ్యూనిటీ, ఎనిమిదిన్నరకి పర్ఫెక్ట్ కపుల్స్, తొమ్మిదికి ది ఆఫీస్, తొమ్మిదిన్నరకి మూడో సీజన్ మొదలుపెడుతున్న పార్క్స్ అండ్ రిక్రియేషన్, పదికి 30 రాక్, పదిన్నరకి ఔట్‌సోర్స్‌డ్. ముంబై కాల్ సెంటర్ కథగా మన దేశంలోనూ చర్చకొచ్చిన ఆ ఔట్‌సోర్స్‌డ్ కూడా ఆ మేలోనే పోయింది. ఒక ఛానెల్‌లో వరుసగా ఆరు కామెడీలుంటే ప్రచారం ఆరుగా చీలుతుంది. అందులో ఆ రాత్రి కొత్తగా దిగింది ఒక్కటే.

అదే రాత్రి నుంచి ఫాక్స్ తన అమెరికన్ ఐడల్‌ను గురువారం ఎనిమిదింటికి తెచ్చింది. సీబీఎస్ అంతకు నాలుగు నెలల ముందే ద బిగ్ బ్యాంగ్ థియరీని గురువారం ఎనిమిదికి మార్చింది. ఫిబ్రవరి చివర్లో దాని వెనక ఎనిమిదిన్నరకి రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్ కూర్చుంది. అంటే పర్ఫెక్ట్ కపుల్స్‌కి ముందున్న కమ్యూనిటీకే తక్కువ జనం, ఎదుట దేశంలోకెల్లా పెద్ద పాటల పోటీ, పక్క ఛానెల్‌లో ఇంకో జంటల సిట్‌కామ్. భార్యాభర్తల కామెడీ చూడాలనుకున్నవాళ్లకి అదే అరగంటలో ఏళ్ల తరబడి ఎరిగిన ముఖాలు దొరుకుతున్నాయి.

రేటింగ్ ఎలా చదువుతారో కూడా చెప్పుకోవాలి. అప్పట్లో యాడ్ సంస్థలు కొన్నది మొత్తం ప్రేక్షకులను కాదు, 18 నుంచి 49 ఏళ్ల మధ్యవారిని. ఆ వయసువారిలో ఒక శాతం చూస్తే ఒక రేటింగ్ పాయింటు. అప్పటి లెక్కలో అది దాదాపు 13 లక్షల మంది. 2007లో మొదలై ఆ రోజుల్లో యాడ్ రేట్లు కట్టింది ప్రసారమైన మూడు రోజుల్లోపు చూసిన యాడ్స్ సగటు మీద. మర్నాడు ఉదయం పత్రికల్లో వచ్చే అంకె అది కాదు. అయినా అధికారుల చేయి వణికేది ఆ ఉదయపు అంకెకే. దానికన్నా ముఖ్యంగా, ముందు షో నుంచి ఎంతమంది మిగిలారు, తర్వాతి షోకి ఎంతమందిని అప్పగించింది అన్నది చూస్తారు. తొమ్మిదింటికి ది ఆఫీస్ ఉంది. ఎనిమిదిన్నర షో జనాన్ని జారవిడిస్తే ఛానెల్‌లో అత్యధికంగా అమ్ముడయ్యే అరగంట దెబ్బతింటుంది. ఇలాంటి స్లాట్‌లో కొత్త షోకి ఓపిక దొరకదు.

ఆపైన యాజమాన్యం మారింది. జనవరి చివర్లో కామ్‌కాస్ట్ ఎన్‌బీసీ పగ్గాలు తీసుకుంది, వినోద విభాగానికి రాబర్ట్ గ్రీన్‌బ్లాట్ వచ్చాడు. పర్ఫెక్ట్ కపుల్స్ అంతకు ముందువాళ్లు ఒప్పుకున్న షో. కొత్తగా వచ్చిన అధికారికి పాత అధికారి ఎంపికను నెత్తిన మోయాల్సిన పని లేదు. నటుల ఒప్పందాల గడువు సాధారణంగా జూన్ 30తో తీరుతుంది, మే మధ్యలో యాడ్ సంస్థలకి తర్వాతి సీజన్ చూపించాలి. అనుమానం ఉన్న షో గురించి నిర్ణయం వాయిదా వేసే వీలు లేదు.

ఏప్రిల్ 14 నుంచి ఆ ఎనిమిదిన్నర స్లాట్‌లో ద పాల్ రైజర్ షో వేశారు. 1992 నుంచి 1999 వరకు అదే ఎన్‌బీసీలో మ్యాడ్ అబౌట్ యూ అనే దాంపత్య సిట్‌కామ్‌ను 164 ఎపిసోడ్‌లు నడిపిన మనిషి పాల్ రైజర్. ఆ పేరూ పనిచేయలేదు, రెండు ఎపిసోడ్‌లకే తీసేశారు. పర్ఫెక్ట్ కపుల్స్ స్థానంలో ఏది పెట్టినా ఆ స్లాట్ అంతేనని దీన్నిబట్టి అనిపించవచ్చు. కానీ స్లాట్ మీద మొత్తం నెట్టేయడమూ న్యాయం కాదు. అదే స్లాట్‌కి ముందున్న కమ్యూనిటీ అదే తక్కువ జనంతో ఎన్‌బీసీలో ఐదు సీజన్లు బతికింది. దాన్ని ప్రాణంగా ప్రేమించేవాళ్లు కొద్దిమందే అయినా ఉన్నారు. పర్ఫెక్ట్ కపుల్స్‌కి అలాంటి ఆరాధకులు పోగవలేదు. దానికి సమాధానం మళ్లీ ఆ 15 కలయికల దగ్గరే దొరుకుతుంది.

ఒక షో తన బలం ఎక్కడుందో కనుక్కోవడానికి సమయం పడుతుంది. పార్క్స్ అండ్ రిక్రియేషన్ 2009లో ఆరు ఎపిసోడ్‌లతో తడబడుతూ మొదలై, రెండో సీజన్‌లో నాయిక స్వభావాన్నే దిద్దుకుంది. ది ఆఫీస్ అమెరికా రూపం కూడా 2005లో ఆరు ఎపిసోడ్‌లతోనే మొదలైంది. అప్పట్లో సెప్టెంబర్‌లో వచ్చే షోకి 13 ఎపిసోడ్‌ల ఆర్డర్ ఇచ్చి, నడిస్తే మరో 9 కలిపేవారు. మొదటి ఎపిసోడ్‌లకి జనం స్పందన చూసి తర్వాతివి మార్చుకునే వీలుంటుంది. జనవరిలో దిగే షోకి ఆ సౌలభ్యం తక్కువ. మొదటిది ప్రసారమయ్యేనాటికే ఎక్కువ భాగం రాసేసి, తీసేసి ఉంటారు. ఏ ఇద్దరి మధ్య నవ్వు పుడుతోందో తెలిసేసరికి దిద్దడానికి ఎపిసోడ్‌లు మిగలవు. గుంపు షోలకి ఇది మరింత నష్టం. ఒకే హీరో ఉన్న షోకి కనుక్కోవలసింది ఒక్క మనిషినే, ఇక్కడ 15 సంబంధాలను.

హ్యాపీ ఎండింగ్స్ ఇక్కడే తెలివిగా మొదలైంది. అక్కడా ఆరుగురే, సింగిల్ కెమెరాయే. కానీ పెళ్లయిన జంట ఒక్కటే, బ్రాడ్, జేన్. డేవ్, అలెక్స్ పెళ్లి పీటల మీద విడిపోతారు, మిగిలిన ఇద్దరు పెన్నీ, మ్యాక్స్ ఎవరికీ చెందరు. విడిపోయిన జంట కారణంగా మొత్తం బృందం ఎవరి పక్షమో తేల్చుకోవలసి వస్తుంది, కాబట్టి కలయికలు మొదటి రోజు నుంచే కలగాపులగం. కాపురం చేసే జంట కూడా ఒకరి మీద ఒకరు విసుక్కోరు, ఇద్దరూ కలిసి మిగతావాళ్ల మీద కుట్రలు పన్నుతారు. దాంపత్యాన్ని గొడవగా కాక కూటమిగా చూడటం ఆ షోలో నాకు అన్నిటికన్నా నచ్చిన రచన. దాన్ని కూడా మొదటి సీజన్‌లో ఎపిసోడ్‌ల వరుస తారుమారు చేసి వేశారు, 2013లో శుక్రవారానికి తోశారు, 57తో ఆగింది. బాగా రాస్తే ఎక్కువ కాలం బతుకుతుంది, వ్యాపారం నుంచి పూర్తి రక్షణ మాత్రం రాదు.

తెలుగులో రెండు భార్యాభర్తల జంటలతో ఇంటింటా తెలిసిన సిట్‌కామ్ అమృతం. గుణ్ణం గంగరాజు నిర్మాణంలో 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో 300 పైచిలుకు ఎపిసోడ్‌లు నడిచింది. అమృతం-సంజీవిని, ఆంజనేయులు-శాంత అని జంటలు రెండున్నా, కథ నడిపే ఇద్దరు అమృతం, ఆంజనేయులు. నలుగురికి కలయికలు ఆరు. అందులో దాంపత్యం కానిదాన్ని ఎంచుకుని దానికి అమృత విలాస్ అనే హోటల్ ఇచ్చారు. వారం వారం కొత్త పథకం, కొత్త నష్టం. వీటన్నిటికీ కావలసిన సమస్య వీధిలోంచి వస్తుంది, పడకగదిలోంచి రాదు. ఇంటి ఓనరు అప్పాజీ, హోటల్లో సర్వం, వీళ్లు రెండు కాపురాలకీ బయటి ఒత్తిడి తెస్తారు. భార్యలు తీర్పు చెప్పేవాళ్లుగా, కొన్నిసార్లు పథకంలో భాగస్వాములుగా మారతారు. నటులు మారినా షో ఆగలేదు. అమృతం పాత్రనే ఒకరికి మించి నటులు పోషించారు. జనం పట్టుకున్నది ఆ ఇద్దరి మధ్య ఉన్న పొత్తును కాబట్టి అది సాధ్యమైంది. అమెరికా జంటల సిట్‌కామ్‌లు వెతికి కనుక్కోలేకపోయినదాన్ని ఇది మొదటి వారం నుంచే చేతిలో పెట్టుకుంది.

ఇప్పుడు ఓటీటీ కోసం జంటల కామెడీ రాసేవాళ్లకి స్లాట్ గొడవ లేదు, ముందు షో గొడవ లేదు. కానీ ఎనిమిదో పదో ఎపిసోడ్‌లు ఒకేసారి విడుదలవుతాయి, మధ్యలో దిద్దుకునే అవకాశం సున్నా. ఆ వెతుకులాట అంతా స్క్రిప్టు దశలోనే జరగాలి. పాత్రల పేర్లు అడ్డంగా, నిలువుగా రాసి ఒక పట్టిక గీయండి. ఆరుగురైతే 15 గడులు. ప్రతి ఎపిసోడ్ రాశాక ఏ ఇద్దరికి కనీసం నిమిషంన్నర సీన్ పడిందో ఆ గడిలో ఎపిసోడ్ నంబరు వేయండి. నాలుగు ఎపిసోడ్‌లు అయ్యేసరికి అంకెలన్నీ మూడు దాంపత్య గడుల్లోనే పేరుకుంటే ఐదో ఎపిసోడ్ ఖాళీ గడి నుంచి మొదలుపెట్టాలి. ప్రతి జంటనీ ఒకే విశేషణంతో వర్ణించగలుగుతుంటే, అందులో ఒకరికి ఆ విశేషణానికి విరుద్ధమైన రహస్యం ఒకటి ఇవ్వాలి, ఆ రహస్యం జీవిత భాగస్వామికి కాక వేరే జంటలోని మనిషికి తెలియాలి. మూడు జంటల ఇళ్లు కాకుండా అందరికీ పని ఉన్న నాలుగో చోటు ఒకటి ఉండాలి. ఊరికే కాఫీ తాగే చోటు కన్నా, డబ్బో పరువో పోయే చోటైతే మేలు. ఆరుగురూ ఉన్న సీన్ ఎపిసోడ్‌కి ఒక్కటే పెట్టుకుని, దానికి షూటింగ్‌లో సగం రోజు ముందే కేటాయించమని నిర్మాతతో మాట్లాడుకోవాలి. బడ్జెట్ కోత వచ్చినప్పుడు మొదట పోయేది ఆ సీనే.